కత్తి పట్టుకోగలరా?

పదకొండో భాగం

...ఉల్లిపాయ తరగగలరా అని అడిగి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేదే కాదు. కష్టంగానే ఉందమ్మా అనేసేవాడు. అందులో సిగ్గుపడటానికేముంది, వంటింటి పని, ఎవరికైనా చేతకాకపోవచ్చు. కానీ భత్యం ఇవ్వాలో వద్దో తేల్చడానికి కూర్చున్న ఆ పిల్ల ఉల్లిపాయ ఊసే ఎత్తలేదు. కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా, "కత్తి పట్టుకోగలరా, మిస్టర్ స్కెల్టన్?" అంది. ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ చేపల రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు బల్ల ముందు నిలబడినవాణ్ణి, హాడక్ చేప వెన్నుముల్లు మీంచి కండను ఒక్క ఊపులో ఊడదీసినవాణ్ణి పట్టుకుని, కత్తి పట్టుకోగలవా అని!

"నువ్వు పుట్టకముందు నుంచీ పట్టుకున్నది అదే తల్లీ," అన్నాడు ట్రెవర్.

అని నవ్వాడు కూడా. ఆమె నవ్వలేదు. టైపు చేసుకుంది.

అది ఫిబ్రవరి మాట. ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. కీళ్ళవాతంతో రెండు చేతుల వేళ్ళూ వంకర్లు తిరిగి రేవు పని మానేసినప్పటి నుంచీ అందుతున్న వికలాంగుల భత్యం ఇకమీదట రాదని అందులో ఉంది. చేతకాని ఒక్కో పనికీ ఇన్నని వేసే పాయింట్లు అతనికి వచ్చింది సున్నా. మళ్ళీ చూడండి అని రాస్తే, మళ్ళీ చూశాం, అంతే అన్నారు. అప్పీలు పెట్టుకున్నాడు. నవంబరు వచ్చింది. పోయిన వారం మనం అతణ్ణి ఈ ట్రిబ్యునల్ మెట్ల మీద, లోపలికి పోదామా ఇంటికి పోదామా అని ఊగిసలాడుతుండగా వదిలిపెట్టాం. ఇంటికి పోలేదు. సలహా కేంద్రం తరఫున అతనికి తోడు వచ్చిన మావిస్, డెబ్భై రెండేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి, అతని కోటు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

ఇప్పుడు ఇద్దరూ నడవాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మావిస్ ఒళ్ళో కాగితాల కట్ట.

"ఇదిగో నలభై రెండో పేజీ," అంది మావిస్. "'దరఖాస్తుదారు బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం చేస్తున్నారు. కొసన ఆగమని రాసిన పలక ఉన్న పొడుగాటి ఆపు కర్ర చేత్తో పట్టుకుంటారు. కాబట్టి పట్టు బాగానే ఉంది.' దీనికేం చెప్తావు నాయనా?"

"ఏం చెప్పను?"

"నన్నడుగుతావేం? నిన్ను ముంచింది చేతులు కాదు, నోరు. ఆ నోటితోనే చెప్పు."

ట్రెవర్ బాధ మావిస్‌కు సగమే తెలుసు. లోపలి గదిలో పట్టుకోలేను అనాలి. బడి దగ్గర పట్టుకోగలను అనాలి. ఇక్కడ నిజం చెబితే భత్యం వస్తుంది, అదే నిజం మునిసిపల్ ఆఫీసుకు చేరితే ఉద్యోగం పోతుంది. అక్కడి అబద్ధాన్ని కాపాడుకుంటే ఇక్కడ మళ్ళీ సున్నా. ఆ రెండింటి మీదా కలిపి ఒక మనిషి బతుకుతున్నాడు, ఒక్కదాని మీద బతకలేడు. ఏప్రిల్ నుంచి తిప్పలు పడి చూశాడు. ఇంట్లో ఒక్క గదికే వెచ్చదనం, అదీ కరెంటు మీటరులో ముందే డబ్బు వేస్తేనే. ముక్కలు కోసి గడ్డకట్టించి అమ్మే ఉల్లిపాయలు మామూలు ఉల్లిపాయలకు మూడింతల ధర. చేతులు లేనివాడికి ప్రతిదీ కాస్త ఎక్కువకే దొరుకుతుంది.

అయినా ఆ రోజు ఆ పిల్లకు అబద్ధం చెప్పింది ఉద్యోగం కోసం కాదు. ఆ సంగతి తను ఎన్ని రాత్రులు పక్క మీద దొర్లి తేల్చుకున్నాడో. ఉద్యోగం గుర్తొచ్చింది తర్వాత. మాట ముందే నోట్లోంచి వచ్చేసింది. ఎక్కడి నుంచి వచ్చింది?

రేవులో చలికాలం పొద్దున నాలుగింటికి మంచునీళ్ళలో చేతులు పెట్టి పని మొదలయ్యేది. చెయ్యి తిమ్మిరెక్కినా, వాచినా ఎవడూ పైకి అనేవాడు కాదు. టీ గ్లాసు చుట్టూ వేళ్ళు చుట్టి పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నట్టు నటించేవారు. చెయ్యి పోయిందని ఒకసారి నోటితో అన్నవాడికి బల్ల దగ్గర చోటు ఉండేది కాదు. మర్నాటి దాకా కూడా ఆగేవారు కాదు, ఆ పూటే ఇంకొకడు అతని పీట మీద ఎక్కి నిలబడేవాడు. ట్రెవర్ తండ్రి అలాగే దాచాడు, దాస్తూ దాస్తూ రిటైరయ్యాడు, చివరి రోజుల్లో భార్య చెంచాతో అన్నం పెడుతుంటే కూడా "నాకు ఆకలి లేదు, నువ్వు ఊరికే పెడుతున్నావు" అనేవాడు. రేవులో సగం బల్లలు ఖాళీ అయ్యాయి. ఆ చోటు లాక్కునేవాడు ఎవడూ లేడిప్పుడు. అయినా ఎవరైనా కత్తి మాట ఎత్తగానే ట్రెవర్ ఆ బల్ల ముందే నిలబడి ఉంటాడు.

"మిస్టర్ స్కెల్టన్?" తలుపు దగ్గర గుమాస్తా పిలిచాడు.

"పద," అంది మావిస్. "నవ్వావంటే కాలు తొక్కుతాను, చెప్తున్నా."

*

జడ్జి అంటే నల్ల గౌను ఉంటుందనుకున్నాడు. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న ఒక ఆడమనిషి. ఆమెకు ఒక పక్క బక్కపలచటి డాక్టరు, రెండో పక్క చక్రాల కుర్చీలో తెల్లజుట్టు స్త్రీ. మధ్యలో బల్ల మీద నీళ్ళ జగ్గు, గ్లాసులు. ఆ జగ్గును చూడగానే ట్రెవర్‌కు దాహం వేసింది. జగ్గు ఎత్తాలంటే రెండు మణికట్లూ కలపాలి. దాహం లేదని నిర్ణయించుకున్నాడు.

ముందు డాక్టరు అడిగాడు. "ఫిబ్రవరిలో మీరు కత్తి వాడగలనని చెప్పారు. ఆ మాట మీదేనా?"

"నాదే."

"ఇప్పటికీ అదే అంటారా?"

ట్రెవర్ నాలుక మీద నవ్వు సిద్ధంగా ఉంది. బల్ల కింద మావిస్ బూటు అతని బూటును తాకింది.

డాక్టరు కాగితాలు పక్కకు జరిపాడు. "మా తాత కూడా ఈ పనే చేసేవాడండీ. నదికి అవతల, హల్ రేవులో."

"హల్‌లోనా?" ట్రెవర్ ఆపుకోలేకపోయాడు. "అక్కడ చేపను కోయరు డాక్టరుగారూ. చచ్చినదాన్ని మళ్ళీ చంపుతారు."

జడ్జి తల వంచుకుంది, పెదవుల మీద నవ్వు కనపడకుండా. మావిస్ నిజంగానే కాలు తొక్కింది.

"ఉండొచ్చు," అన్నాడు డాక్టరు ఏమాత్రం నొచ్చుకోకుండా. "కత్తి బలమంతా చిటికెనవేల్లో ఉంటుందనేవాడు. పిడి దానితోనే బిగించాలిట."

"చిటికెనవేలితోనా! మా రేవులో ఆ మాటంటే సముద్రంలోకి తోసేవాళ్ళు. బలం బొటనవేలి మొదట్లో ఉంటుందండీ. పిడిని ఊరికే ఆనించి ఉంచాలి, చూపుడువేలు కత్తి వీపు మీద, ఇదిగో, ఇలా..."

కుడిచెయ్యి ఎత్తాడు.

చెయ్యి గాల్లో ఆగిపోయింది. బొటనవేలు ఎక్కడ ఉండాలో అక్కడికి రాలేదు. చూపుడువేలు చాచమంటే పక్కవేలి మీదికి ఒరిగింది. మిగతా మూడూ అరచేతి వైపు వంగబోయి సగంలో నిలిచాయి, దేన్నో పట్టుకోబోతూ మరిచిపోయినట్టు. ట్రెవర్ ఆ చేతి వంక చూశాడు. ఆరేళ్ళుగా చూడలేదని అప్పుడు తెలిసింది. మొహం కడుక్కునేటప్పుడు అద్దం చూస్తాడు, తినేటప్పుడు గోడ చూస్తాడు, కోటు తొడుక్కునేటప్పుడు కిటికీ చూస్తాడు. ఇది ఎవరి చెయ్యి? నాన్నది. నాన్న చివరి రోజుల్లో దుప్పటి మీద పెట్టుకున్న చెయ్యి.

"మిస్టర్ స్కెల్టన్," అంది జడ్జి మెల్లగా, "మీరు చూపించనక్కర్లేదు. మేము ఇక్కడ ఎవరినీ పరీక్ష చెయ్యం. నోటితో చెబితే చాలు."

"పట్టుకోలేను," అన్నాడు ట్రెవర్.

అతను ఆగాడు. ఏదో జరుగుతుందని ఆగాడు, ఏం జరుగుతుందో తనకే తెలియదు. ఎవరూ లేచి రాలేదు. అతని కుర్చీ అతని కిందే ఉంది. జడ్జి రాసుకుంటోంది, అంతే. కిటికీ అవతల బస్సు ఒకటి ఆగి వెళ్ళిపోయింది.

"ఇవాళ పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి చెప్పండి," అంది చక్రాల కుర్చీలో ఉన్నామె. "తొందరేం లేదు. నాకు చొక్కా వేసుకోవడానికే అరగంట పడుతుంది. మీకెంత?"

"చొక్కా గుండీలు నేను విప్పనండీ," అన్నాడు ట్రెవర్. "కొన్నప్పుడు షాపులో అమ్మాయి పెట్టిన గుండీలే. తల మీంచి తొడుక్కుంటాను, తల మీంచి తీస్తాను."

అక్కడి నుంచి మాట దానంతటదే నడిచింది. కెటిల్లో సగమే నీళ్ళు పోసి రెండు మణికట్ల మధ్య పట్టుకోవడం. డబ్బా సూపు మూత లాగలేక పళ్ళతో లాగి పెదవి కోసుకోవడం. ఫోర్కు పిడికి స్పాంజి చుట్టి తినడం. తను చెబుతుంటే తనకే వింతగా ఉంది, పక్కింటివాడి సంగతి వింటున్నట్టుంది. మధ్యలో ఒకసారి మావిస్ వైపు చూశాడు. ఆమె రాయడం ఆపేసి, కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

అప్పుడు జడ్జి నలభై రెండో పేజీ తెరిచింది.

"మరి ఈ కర్ర, మిస్టర్ స్కెల్టన్? రోజుకు రెండుసార్లు పట్టుకుంటున్నారు కదా."

వచ్చేసింది. ట్రెవర్ ఒక క్షణం తలుపు వైపు చూశాడు. "ఇక్కడ చెప్పింది మా ఆఫీసుకు వెళ్తుందా అమ్మా?"

"ఇక్కడి మాటలు రికార్డవుతాయి. మీ యజమానికి మేము ఉత్తరాలు రాయం. అది మా పని కాదు."

"కర్రను పట్టుకోనండీ. మోస్తాను." కోటు ముందు భాగం మోచేత్తో పక్కకు తీశాడు. లోపల, పక్కటెముకల దగ్గర, తోలు ఉంగరం ఒకటి కుట్టి ఉంది. "చెప్పులు బాగుచేసే అతనితో కుట్టించాను. గాలం కర్ర పెట్టుకోవడానికని చెప్పాను. ఆపు కర్ర ఇందులో దిగుతుంది. చెయ్యి ఊరికే పైన ఆనించి ఉంటుంది, చూసేవాళ్ళ కోసం."

"గాలి వీస్తే?" అడిగాడు డాక్టరు.

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ. అడగరనే అనుకున్నాడు.

"మార్చిలో ఒక పొద్దున వీచింది," అన్నాడు. "నది మీంచి. పిల్లలు వరసలో సగం రోడ్డు దాటారు. కర్ర తిరిగిపోయింది. పలక అంచు మాత్రమే బండివాడికి కనపడి ఉంటుంది, అక్షరాలు కనపడలేదు. వ్యాను ఆగలేదు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఇంత దూరంలో వచ్చి ఆగింది..." చేతులతో దూరం చూపించబోయి మానేశాడు. "ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు ఆటనుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళి కోటు విప్పకుండా సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదండీ. ఈమెకు కూడా."

మావిస్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

జడ్జి కలం కింద పెట్టింది. "చెప్పినందుకు సంతోషం," అంది. "ఆ రోజు గురించి మేము తీర్పు చెప్పలేం. మా ముందున్నది మీ భత్యం ఒక్కటే. పది నిమిషాలు బయట కూర్చోండి."

*

నడవాలో మావిస్ కాగితాల కట్ట సర్దుతూ కూర్చుంది.

"తిట్టండి," అన్నాడు ట్రెవర్.

"తిట్టను. బస్సు నడిపినన్నాళ్ళలో నాకు రెండుసార్లు అలాంటి పొద్దున్నలు వచ్చాయి. రెండుసార్లూ డిపోలో చెప్పలేదు." సంచిలోంచి శాండ్విచ్ పొట్లం తీసి, కాగితం విప్పి, సగం అతని మోకాలి మీద పెట్టింది. "తిను. చీజూ ఊరగాయా. హల్‌లో కొన్నది కాదులే."

అతను నవ్వాడు. ఈ నవ్వు దేన్నీ దాచడానికి కాదని అతనికే తెలిసింది. రెండు మణికట్ల మధ్య రొట్టె ఎత్తి, ఎదురుగా కూర్చున్న ముగ్గురు కొత్తవాళ్ళు చూస్తుండగానే, తిన్నాడు.

పది నిమిషాలన్నది ఇరవై అయింది. పిలిచారు. నిలబడే విన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ అప్పీలు అంగీకరించాం," అంది జడ్జి. "రోజువారీ పనులకు ఇచ్చే భత్యం తిరిగి మొదలవుతుంది, నాలుగేళ్ళకు. ఆపేసిన నెలలది కూడా కలిపి ఇస్తారు. ఇంకొక సంగతి మిస్టర్ స్కెల్టన్, ఇది మీకు సరిగ్గా అర్థం కావాలి. ఈ భత్యం మీ చేతుల పరిస్థితిని బట్టి ఇచ్చేది. మీరు ఉద్యోగం చేసినా వస్తుంది, మానేసినా వస్తుంది."

"మానేసినా?"

"మానేసినా."

ఏదో అనాలని ఉంది. చివరికి జగ్గు వైపు తల ఊపి, "కొంచెం నీళ్ళు పోసిపెడతారా?" అన్నాడు. డాక్టరు లేచి గ్లాసు నింపి, అతని మణికట్ల మధ్యకు అందించాడు. ట్రెవర్ మొత్తం తాగాడు.

*

బయట సన్నగా జల్లు పడుతోంది. రేవు వైపు నుంచి పొగపెట్టిన చేపల వాసన. బస్‌స్టాపు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. మావిస్ ఆపకుండా మాట్లాడుతోంది. వెళ్ళగానే కొనాల్సిన వెచ్చటి దుప్పటి గురించి, మీటరు గురించి, ఇవాళ చిప్స్ డబ్బులు తనే ఇస్తానని, వద్దంటే ఊరుకోనని.

ట్రెవర్ సగమే వింటున్నాడు. భుజాలు తేలిగ్గా ఉన్నాయి, అంత తేలిక అలవాటు లేక ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. భయం పోయింది. ఏప్రిల్ నుంచి లోపల కూర్చున్న భయం పోయి, అది కూర్చున్న చోట ఇంకోటి కనపడుతోంది. ముందు నుంచీ అక్కడే ఉంది. భయం అడ్డంగా ఉండి కనపడలేదు. వ్యాను. పిల్లల నవ్వు. అప్పుడు చెప్పలేకపోయానంటే చెప్పడానికి స్తోమత లేదనుకోవచ్చు. చెబితే ఆ వారం అద్దె కట్టలేడు. ఇప్పుడు భత్యమూ పాత బకాయీ వస్తాయి, ఆ మాట అనడానికి లేదు. ఉద్యోగం మానేసినా, అంది జడ్జి. రెండుసార్లు అంది.

"టైమెంతయింది?" అడిగాడు.

"ఒంటిగంటన్నర. ఏం?"

మూడింటికి బడి వదులుతారు. ఇవాళ అతని బదులు రోడ్డు మీద నిలబడేది గ్లెండా. ఆ వీధులన్నిటి క్రాసింగుల మీదా పెత్తనం ఆమెది. రేపు పొద్దున మళ్ళీ అతనే. వాతావరణ వార్తల్లో రేపు గాలి ఎక్కువని చెప్పారు.

జేబులోంచి ఫోను మణికట్టుతో పైకి తోసి, బస్‌స్టాపు బెంచీ మీద పెట్టి, వంగి, వేలి కణుపుతో గ్లెండా పేరు వెతకసాగాడు.

"ఎవరికి?" అంది మావిస్. చూసింది. అర్థమైంది. "ఒరేయ్ ట్రెవర్. ఇవాళేనా? గెలిచిన రోజేనా? కడుపునిండా చిప్స్ తిని, ఇంటికి పోయి, హాయిగా పడుకుని రేపు చెప్పకూడదూ?"

"రేపటికి మళ్ళీ నవ్వడం మొదలుపెడతాను మావిస్. నా సంగతి నాకు తెలుసు."

"ఉద్యోగం తీసేస్తారు."

"తీసెయ్యొచ్చు."

ఆమె ఇంకేదో అనబోయి, గొడుగు విప్పి, జల్లు ఫోను మీద పడకుండా అడ్డం పట్టింది.

ట్రెవర్ కణుపుతో నొక్కాడు. మొదటిసారి తగల్లేదు. రెండోసారి తగిలింది. బెంచీ మీద ఫోను మోగుతోంది. నాలుగో మోతకు ఎత్తారు.

"ట్రెవర్! పంటి డాక్టరు దగ్గర పనయిపోయిందా?" గ్లెండా గొంతు, వెనక ఎవరో కప్పులు కడుగుతున్న చప్పుడు. "బాగా నొప్పెట్టిందా పాపం? రేపు రాగలవా, రాలేవా? రాలేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకరిని చూడాలి."

అదిగో, దారి ఆమే చూపిస్తోంది. పన్ను నొప్పి అంటే చాలు, రేపటి గాలి కూడా దాటిపోతుంది.

ట్రెవర్ ఫోను మీదికి ఇంకొంచెం వంగాడు.

"పన్ను కాదు గ్లెండా," అన్నాడు. "పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. నా చేతుల గురించి చెప్పాలి. మార్చిలో ఒక పొద్దున సంగతి కూడా. కూర్చుని విను."